కోతయు నత్యుక్తియు: సముద్రయానకథలపై నొక పరిశీలనము

అహోబలమునకు తూర్పున నల్లమల, దాని కావల వెలికొండలు. ఆ రెండును దాటినగాని సముద్రము లేదు. కర్నూలు, కడప మండలముల పల్లెలలో పుట్టి అచటనే ముదిసినవారిలో కడలిని కన్నులార చూచినవారు నేటికిని తక్కువయే. అట్లయ్యు ఈ సీమయందు సముద్రపు కథలకు కొరత లేదు. రామేశ్వరయాత్రకు పోయి అచట అరపూట పడవ నెక్కివచ్చినవాడు, చెన్నపట్టణమున కొలువుచేయుచు నొకనాడు జాలరుల తెప్పపై అలలు దాటినవాడు, ఊరికి రాగానే తాటిచెట్టు ప్రమాణమున లేచిన కెరటమును గూర్చి చెప్పును. వినువారు ఊకొట్టుదురు. మరుసటి యేటికి ఆ తాటిచెట్టు రెండు తాటిచెట్లగును. మూడవ యేట పడవ తలక్రిందులై, చెప్పువాడు ఒంటిచేత దానిని సరిచేసి యుండును.

దీనిని మనవారు కోత యందురు. కోతలు కోయుట, గొప్పలు కొట్టుట, బడాయి పోవుట, గప్పాలు చెప్పుట అని ఒక్క పనికి ఇన్ని పేరులుండుటను బట్టియే ఇది మన జనజీవనమున నెంత పాతుకొనిపోయినదో యూహింపవచ్చును. ఇంతటి ప్రచారముగల కథనరూపమునకు మన విమర్శలో మాత్రము చోటు లేకపోయినది. ఆలంకారికులు అతిశయోక్తిని విచారించిరి కాని కోతను విచారింపలేదు. ఆధునిక విమర్శకులు దానిని అబద్ధమని త్రోసివేసిరి. జానపదకథలను సేకరించువారు సైతము, చెప్పువాడు కోత కోయుచున్నాడని తోచినతోడనే కలము నాపుదురు. వేరొకతెగ వారు ఆ కోతనే చరిత్రమని వ్రాసికొందురు. ఈ రెండు పొరపాట్లకును మూలమొక్కటే. కోత యేమి కోరుచున్నదో, దేనిచే నిలుచుచున్నదో మనము నిర్ణయించుకొనలేదు. ప్రస్తుతవ్యాసమున సముద్రయానకథలను ఆధారముగ గొని ఈ విషయమును కొంత పరిశీలించెదను.

మొదట చెప్పువాని సంగతి. జీవనమునకై దినదినమును కడలిపై పోవు తండేలు చెప్పు కథ యొకటి. వేడుకకై చుక్కాని పట్టినవాడు చెప్పు కథ వేరొకటి. ఐరోపా, అమెరికా దేశములలో తీరిక దినములయందు చిన్న తెరచాప పడవలను తామే నడుపుకొను వేడుకకాండ్రు లెక్కకు మిక్కిలిగ నున్నారు. రేవునకు మరలివచ్చి మద్యశాలలో కూర్చుండిన పిదప వారి కెరటములు పెరుగుట ఆ దేశములలో చిరకాలమునుండి హాస్యమునకు పాత్రమైయున్నది. ఇందు బుద్ధిపూర్వకమైన అబద్ధము కొంతయే. తక్కినది కంటిదోషము. చిన్నపడవలో కూర్చున్నవాని కన్ను నీటికి రెండుమూడు మూరల యెత్తుననే యుండును. పడవ అలవాలుపై నొరిగినపుడు వాడు తన పడవబల్లనే సమతలమని భావించును. అందువలన ఎదుటి కెరటము ఉన్నదానికంటె నిలువుగను ఎత్తుగను తోచును. ఓడపై నెత్తున నిలిచి, కొయ్యస్తంభములతో పోల్చి చూచు నావికుని కంత భ్రాంతి కలుగదు. కావున క్రొత్తవాని కోతకు బీజము మనస్సుకంటె ముందుగ కంటియందే పడుచున్నది. వాడు నిజముగనే తాటిచెట్టంత కెరటమును చూచినాడు. ఆ కెరటము మాత్రము అచట లేదు.

వృత్తివాడు ఏల తక్కువ చెప్పునో యోచింపదగినది. 2018 నవంబరులో గుజరాతు తీరమున వేటకు పోయిన శ్రీకాకుళ ప్రాంతపు జాలరులు పాకిస్తానువారికి చిక్కి, బందీలై, 2020 జనవరిలో విడుదలయిరి. 2025లో వెలువడిన ‘తండేల్’ చలనచిత్రమునకు ఆధారమైన ఉదంతమిదియే. చిత్రమున నా కథ ఎంత పెరుగవలెనో అంతయు పెరిగినది. అది చలనచిత్రధర్మము, తప్పుపట్ట బనిలేదు. కాని రేపు మరల అదే నీటిపైకి పోవలసినవానికి కెరటమును పెంచి చెప్పుటలో లాభములేదు. ఇంటివారు వలదందురు, తోడివాడు నవ్వును. కోతకు వలసిన మొదటి వస్తువు, దానిని సరిచూడజాలని శ్రోత. అందుచేతనే సముద్రపు కోత తీరమునకంటె మెట్టసీమయందు బాగుగ పండును.

ఇక శాస్త్రము. భామహుడు లోకమర్యాదను మీరిన మాటను అతిశయోక్తి యని చెప్పి, వక్రోక్తియంతయు నదియే యని దానికి పెద్దపీట వేసినాడు. దండి కావ్యాదర్శమున అతిశయోక్తిని గౌరవించియు, కాంతి యను గుణమును చెప్పునపుడు లౌకికార్థమును దాటకుండుటయే కాంతి యన్నాడు. అది వర్ణనలయందేగాక వార్తయందును, అనగా నలుగురు కూడి చెప్పుకొను మాటలయందును, ఉండవలెనన్నాడు. దానికి విపర్యయమగు అత్యుక్తి గౌడులకు ప్రియమని చెప్పి విడిచినాడు. అప్పయ్యదీక్షితులు కువలయానందమున అత్యుక్తిని ప్రత్యేకాలంకారముగ గ్రహించి, శౌర్యౌదార్యాదులను అద్భుతముగను అతథ్యముగను వర్ణించుట దాని లక్షణమని నిర్వచించిరి. అతథ్యమను నీ విశేషణము మిక్కిలి విలువైనది. అబద్ధమని తెలిసియే చెప్పబడుచున్నది, తెలిసియే వినబడుచున్నది అని శాస్త్రకారుడే యొప్పుకొనుచున్నాడు. రాజు దానముచే కల్పవృక్షము సిగ్గుపడినదని కవి చెప్పగా, సభలో నెవ్వడును వృక్షమును చూడ బోడు.

కోత యిట్టిది కాదు. కోత నమ్మకమును కోరును. కనీసము, నమ్మవలసినదేమో యను సంశయమును కోరును. అత్యుక్తికి అడ్డుపడువాడు లేడు. కోతకు అడ్డుప్రశ్న ప్రాణము. "అంత పెద్ద అలలో పడవ యెట్లు నిలిచెను?" అని యెవడైన అడిగినగాని కథ పెరుగదు. అబద్ధమాడినను అతికినట్లుండవలెనను లోకోక్తి ఈ రూపమునకు మనవారు చెప్పిన లక్షణసూత్రమే యనవచ్చును. అతుకనగా రెండు పలకల కూడిక. మన తూర్పుతీరపు మసూలా పడవలలో మేకులు లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. అలతాకిడికి ఆ కుట్టు సాగును గాని పగులదు. కోతయందును నిజమైన వివరములు పలకలు. వానిని కూర్చు కుట్టు కొంత వదులుగ నుండవలెను.

ఉదాహరణములకు దండియే మొదట రాదగినవాడు. అత్యుక్తిని మెచ్చని యీ లాక్షణికుని దశకుమారచరితము, చాలకాలము విడిపోయిన చెలికాండ్రు తిరిగి కలిసి, ఒకరి తరువాత నొకరు తాము చేసివచ్చిన సాహసములను రాజవాహనుని యెదుట చెప్పుకొను కథ. అనగా నది కోతల కొలువు. పదుమూడవ శతాబ్దిలో కేతన దీనిని తెలుగుచేసి తిక్కన కంకితమొసగి అభినవదండి యను పేరందెను. ఇందు మిత్రగుప్తుని వృత్తాంతము మనకు ముఖ్యము. ఆతడు నావికుడు కాడు. దామలిప్త నగరమున రాజకుమారి కందుకక్రీడను చూచి వలచి, ఆమె యన్న భీమధన్వునిచే ఇనుపగొలుసుతో కట్టబడి సముద్రమున త్రోయబడెను. ఒక కొయ్యను పట్టుకొని తేలుచుండగా యవనుల ఓడవారు పైకి లాగిరి. అంతలో మద్గువను యుద్ధనౌకతో శత్రువులు ముట్టడింపగా, మిత్రగుప్తుడు సంకెలలు విప్పించుకొని, వింటితో వారిని గెలిచి, పట్టుబడినవాడు భీమధన్వుడే యని తెలిసికొనెను. పిమ్మట ప్రతికూలవాయువు వారిని ఒక దీవికి కొట్టుకొనిపోయెను. అచట బ్రహ్మరాక్షసుడు నాలుగు ప్రశ్నలు వేసెను.

ఇందు కోత కానిదేమున్నది? ఒంటరివాడు, బంధితుడు, మొదటిమారు కడలిపై బడినవాడు, ఓడ నాయకుడు చేయలేనిపని చేసెను. అయినను చదువరి యీ కథను విడువడు. కారణము పలకలు గట్టివగుట. తన్ను పైకి లాగిన యవనులు తన్ను మనిషిగ గాక, ద్రాక్షతోటకు నీరుపోయుటకు పనికివచ్చు కూలివానిగ లెక్కగట్టిరని వాడు చెప్పుకొనుచున్నాడు. గొప్పలు చెప్పుకొనువాడు తనకు జరిగిన యవమానమును గూడ చెప్పుటచే తక్కినదానికి నమ్మకము వచ్చును. దీవికి పోయినపుడు మంచినీరు, కట్టెలు, కందమూలములు సేకరింపదలచిరని చెప్పును. ఇది యోడవాని మాట. కాని శత్రునౌకలు తమ యోడను చుట్టుముట్టుటను చెప్పునపుడు ఆతని నోట వచ్చిన పోలిక, కుక్కలు అడవిపందిని చుట్టుముట్టుట. ఇది నావికుని పోలిక కాదు, వేటగాని పోలిక. మంత్రికుమారుడు సముద్రమున నేమి చూచినను, అడవిలో తాను పూర్వము చూచినదానితోనే కొలిచినాడు. దండి యీ పోలికను యాదృచ్ఛికముగ వేసెనని నేను తలపను. వేడుకనావికుని కథలో కొలబద్దలన్నియు నేలమీదివే. మన తాటిచెట్టును అట్టిదియే.

రెండవ యుదాహరణము సోమదేవుని కథాసరిత్సాగరములోని శక్తిదేవుని కథ. దీనిని వేదము వేంకటరాయశాస్త్రిగారి తెలుగు వచనమున చదివినవారు పెక్కురు. వర్ధమాన నగరపు రాజకుమారి కనకరేఖ, కనకపురిని చూచినవానినేగాని పెండ్లాడనని పట్టుబట్టెను. రాజు చాటింపు వేయించెను. జూదమున సర్వస్వమును పోగొట్టుకొనిన శక్తిదేవుడను బ్రాహ్మణకుమారుడు, పోయినదేమున్నదని, చూచితినని బొంకెను. కనకరేఖ అడిగిన ప్రశ్న ఒక్కటే. ఏ దారిని పోతివి? వాడు తెలిసిన యూళ్ళపేరులు వరుసగ చెప్పెను. కాశి చెప్పెను, పౌండ్రవర్ధనము చెప్పెను. ఆపైన కనకపురి వచ్చినదనెను. ఆమె నవ్వి వెడలగొట్టించెను. బొంకినవానికి నేలదారి మాత్రమే తెలియును. కనకపురికి నేలదారి లేదు.

సిగ్గుపడి వాడు నిజముగనే బయలుదేరెను. ఓడ మునిగెను, చేప మ్రింగెను. ఆ చేప ఉత్స్థలద్వీపమున జాలరుల దొరకు చిక్కెను. వాని పేరు సత్యవ్రతుడు. శక్తిదేవుని పడవపై తీసికొనిపోయినవాడు, సుడిగుండమునడుమ మర్రిచెట్టును జూపి, కొమ్మ నందుకొమ్మని హెచ్చరించి, తాను పడవతో సుడిలో బడినవాడు ఆ జాలరియే. బొంకినవాడు చదువుకొన్నవాడు, పడవ నడపినవాడు సత్యవ్రతుడు. ఈ నామకరణము ఉద్దేశపూర్వకమా కాదా యను చర్చకు నేను పోను. ఈ కథలో అంతకంటె విశేషమొకటి కలదు. శక్తిదేవుడు మొదట చెప్పిన అబద్ధము నమ్మదగినదిగనే యుండెను. అన్నియు ఉన్న యూళ్ళే, నడచిపోదగిన దారియే. తరువాత చూచివచ్చి చెప్పిన నిజమో, పక్షివీపుపై పోవుట, మూసినగదిలో కనకరేఖ ప్రాణములేని శరీరమును చూచుట. ఇది యెవరును నమ్మరానిది. నమ్మదగిన అబద్ధమునకు నవ్వినది, నమ్మరాని నిజమునకు తలవంచినది. ఆమె పరీక్షించినది సంభావ్యతను గాదు, చూచినవానికి మాత్రమే తెలియు ఒక్క వివరమును. కోతను వినవలసిన రీతికి ఇంతకంటె మంచి పాఠము మన సాహిత్యమున నాకు కానరాదు.

మన సీమకు వత్తము. అల్లసాని పెద్దనకు కృష్ణరాయలిచ్చిన అగ్రహారమని ప్రసిద్ధమైన కోకటము కడప మండలమున నున్నది. ఆయన మనుచరిత్రలో సముద్రము లేదు. యాత్రికుడు మాత్రము కలడు. అరుణాస్పదపురమున ప్రవరుని యింటికి వచ్చిన సిద్ధుడు తాను చూచిన క్షేత్రముల పట్టికను చదివెను. ప్రవరుడు భక్తుడే యైనను, ప్రశ్నింపక మానలేదు. ఇన్ని దేశములు తిరుగుటకు ఎన్నియో యేండ్లు పట్టునే, నీవు చూడ పడుచువాడవుగ నున్నావే యని వినయముతోనే అడ్డుప్రశ్న వేసెను. కోతకు సహజముగ వచ్చు ప్రశ్నయే యిది. సిద్ధుడు తడబడలేదు. మునుపటిదానికంటె పెద్దమాట చెప్పెను. తమకు ముదిమి లేదనెను, పాదలేపము కలదనెను. ఇంతవరకు ఇది మన రచ్చబండమీది కథయే. పెద్దన చేసిన మార్పు ఒక్కటే. ఆ కోతను నిజము చేసెను. లేపము పనిచేసినది, ప్రవరుడు హిమాలయమున దిగినాడు. మంచుకు లేపము కరగిపోవుననుమాట మాత్రము సిద్ధుడు చెప్పలేదు. యాత్రికుల కథలలో చెప్పినదానివలనకంటె చెప్పనిదానివలననే వినువానికి చేటు కలుగును.

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున ప్రబంధములలోని కృత్రిమతను, అనౌచిత్యమును తీవ్రముగ ఖండించిరి. ఆ గ్రంథమునకు విచార్యమైన కళాపూర్ణోదయము అహోబలమునకు చేరువనున్న నంద్యాల ప్రభువు కృష్ణరాజునకు అంకితమగుట ఇచట ప్రసక్తానుప్రసక్తముగ చెప్పుచున్నాను. రెడ్డిగారి ఖండనము పెక్కుచోట్ల న్యాయమే. వారి తరువాతివారు మాత్రము ఆ ఖండనమును విచక్షణ లేక విస్తరించి, వర్ణనలోని అత్యుక్తిని, కథనములోని కోతను ఒక్కగాటను గట్టి, అతిశయమంతయు క్షీణయుగపు లక్షణమని తేల్చిరి. ఇది యంగీకరింపజాలము. స్త్రీ నడుమును ఆకాశమనుట వేరు, సిద్ధుడు తన యాత్రను చెప్పుట వేరు. మొదటిదానిని తీసివేసినను కథకు లోపము లేదు. రెండవదానిని తీసివేసినచో మనుచరిత్రయే లేదు.

సముద్రవ్యాపారమున నిజముగ మునిగియున్నవారి గ్రంథములెట్లుండెనో చూడవలెను. మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము తుపానుచే తీరమునకు కొట్టుకొనివచ్చిన యోడలను గూర్చి చెప్పును. పూర్వరాజులు అట్టి యోడల సరకునంతయు లాగికొనుచుండిరి. ఇకమీద సుంకము మాత్రమే గ్రహింతుమని రాజు మాట యిచ్చెను. సర్వస్వము కోలుపోయినవాని దుఃఖమును గూర్చిన శాసనమిది. ఇందు కెరటముల యెత్తు లేదు. శ్రీనాథుడు హరవిలాసమున అవచి తిప్పయసెట్టి దెప్పించిన సరకులను వర్ణించుచు సింహళపు టేనుగులను, హురుముంజి గుర్రములను, చీనిపట్టును చెప్పెను. అవి వర్తకుని పద్దులే. నడుమ బంగారుమొలకయు దిగినది. అది కవి కానుక.

అహోబలమునకును సముద్రమునకును సంబంధము చెప్పవలసివచ్చిన, రెడ్డిరాజుల పేరే చెప్పవలెను. శ్రీశైలాహోబలములకు సోపానములు కట్టించినవాడని కీర్తిగాంచిన ప్రోలయ వేమారెడ్డి కుమారుడు అనవోతారెడ్డియే 1358లో మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చినాడు. వేమారెడ్డి యాస్థానకవి యెర్రన నృసింహపురాణమును అహోబలస్వామి కంకితము చేసెను. ఇక స్థలకథలోనే సముద్రమున్నది. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని నాగపాశములతో కట్టించి కడలిలో త్రోయించి, పైన పర్వతములను వేయించెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. సముద్రముచూడని యీ కొండలలో, ఉగ్రస్తంభమును చూపుచు యాత్రికులకు కథ చెప్పువారు ఆ పర్వతములను వర్ణించునపుడు నల్లమల కొండలవైపే చేయి చూపుదురు. మిత్రగుప్తుని అడవిపంది వంటిదే యిదియు.

కనుమనాడు మొదలై సుమారు నలువది దినములు, ముప్పదికి బైగా గ్రామములలో సాగు పారువేట యుత్సవమున స్వామిపల్లకి యూరూర దిగును. స్వామి వేటకు బయలుదేరుటయు, చెంచులక్ష్మీ సంబంధముచే చెంచులు బావమరదులగుటయు నందరెరిగినదే. పల్లకి దిగిన రాత్రులలో వచ్చు కథలలో వేటకథలే ముందు. దాని తరువాత కృష్ణానదిని పుట్టిలో దాటిన కథలు. శ్రీశైల జలాశయము ఏర్పడకమునుపు పాతాళగంగవద్ద వెదురుతో నల్లి తోలు కప్పిన గుండ్రని పుట్టిపై నది దాటుట యీ ప్రాంతపువారికి తెలిసిన నౌకాయానము. పుట్టికి ముందువెనుకలు లేవు. నేర్పులేనివాడు తెడ్డువేసిన, పోవుటకు మారు తిరుగును. ఈ తిరుగుటనుండియే ప్రతికథయు పుట్టును. తిరిగి తిరిగి సుడిలో బడితిననువాడు ఒకడు, ఆ సుడి తన పుట్టివలననే పుట్టెననువాడు వేరొకడు. ఈ రెండవవానిని నేను మొదటివానికంటె గొప్ప కథకుడని తలచుచున్నాను. మొదటివాడు నదిని పెంచినాడు. రెండవవాడు తన తెలివితక్కువను పెంచినాడు.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము ఈ రెండవజాతికి చెందిన గ్రంథము. మొగల్తూరునుండి బయలుదేరి ఓడపై సీమకు పోయిన యా యువకుడు తన కథను తానే చెప్పును. అతిశయమునకు లోటులేదు. అది యంతయు తన అమాయకతనే పెంచుచున్నది. తెలుగుసాహిత్యమున సముద్రయానపు కోత తిరుగుబాటు చేసి చెప్పువానిపైనే పడిన మొదటి గొప్పరచన అది. ఉత్తరకుమారుడు అంతఃపురకాంతల యెదుట చేసిన ప్రగల్భములకును దీనికిని భేదము స్పష్టము. ఉత్తరుడు పోవుటకు ముందే చెప్పి పట్టుబడినాడు. సముద్రపు కోత ఎప్పుడును వచ్చినపిదప చెప్పునదియే. జానపదకళాకారుడగు పిట్టలదొర కొయ్యతుపాకి పట్టి, చిరిగిన దొరదుస్తులు తొడిగి కోతలు కోయుటయు ఈ జాతిలోనిదే. ఆ కొయ్యతుపాకియే వాని ముందుమాట. రెండవ శతాబ్దిలో గ్రీకుభాషయందు ‘సత్యకథ’ యను సముద్రయానగ్రంథమును వ్రాసిన లూసియను, తానాడు ఒకేయొక నిజము తానబద్ధమాడుచున్నానను మాటయే యని పీఠికలో చెప్పినాడు.

వీనికి భిన్నముగ, చుక్కాని నెరుగని యాత్రికుడై యుండియు కోత కోయనివాడొకడు మనకు కలడు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీ యేనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలముల మీదుగా కాశికి పోయి, గంగపై పడవలలో ప్రయాణముచేసి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. స్నేహితుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ 1838లో దానిని కాశీయాత్రచరిత్రగ ప్రకటించెను. మజిలీల దూరము, నీటివసతి, అంగళ్ళలో దొరకు వస్తువులు, ప్రజల యాచారములు, ఇదియే దానిలోని విషయము. ఇదే కాశీమార్గమును మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీకథలకు సూత్రముగ గ్రహించి, మణిసిద్ధుడు గోపకుమారునకు మజిలీమజిలీకి అద్భుతకథలు చెప్పినట్లు కూర్చిరి. దారియొక్కటే, గ్రంథములు రెండు. వీరాస్వామయ్య కోత కోయకుండుటకు కారణము ఆయన సత్యసంధత యొక్కటియే కాదు. ఆయన తన దినచర్యను స్నేహితునకు జాబులుగ పంపుచుండెను. ఆ జాబులను పట్టుకొని రేపు అదేదారిని మరియొకడు బయలుదేరును. ముందున్న మజిలీలో నీరున్నదని బొంకినచో ఆ వచ్చువానికి దాహము తప్పదు.

ఇంతవరకు కోత పక్షమున చెప్పితిని. కోత తన చోటును విడిచి అంకెలలో దూరినపుడు మాత్రము దానిని క్షమింపరాదు. గోదావరి ముఖమున నుండిన కోరంగి రేవు 1789 డిసెంబరులో మూడు మహాతరంగముల తాకిడికిని, మరల 1839 నవంబరులో తుపానునకును పాడయ్యెను. సైక్లోనను పేరును 1848లో కల్పించిన హెన్రీ పిడింగ్టను మొదటి యుపద్రవమును వర్ణించినాడు. దానియందు మృతులు ఇరువదివేలని చెప్పుదురు. రెండవదానియందు మూడులక్షలమంది మరణించిరనియు, ఇరువదివేల నావలు నాశమయ్యెననియు ఒక గ్రంథమునుండి వేరొక గ్రంథమునకు నేటికిని సాగుచున్నది. ఒక నదీముఖపు రేవున ఒక్కనాడు ఇరువదివేల నావలు నిలుచుట సంభవమా యని యెవరును ప్రశ్నింపలేదు. ఈ ఇరువదివేలు ఆ యిరువదివేలకు ప్రతిధ్వని యేమో యని నా సంశయము. రచ్చబండమీది తాటిచెట్టును అడ్డుప్రశ్నవేసి కొలిచెడి శ్రోత, అచ్చుపుస్తకము చూడగానే ఊకొట్టినాడు. చచ్చినవారి సంఖ్యను పెంచుటచే వారికి గౌరవము రాదు. అంత సంఖ్య చెప్పినపిదప, ఆ యిరువదివేలలో నొక్కడు ఎట్లు మునిగెనో, ఎవని యిల్లు పోయెనో విచారించు నోపిక మనకుండదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటును ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెనలో ప్రభుత్వపు లెక్కనుబట్టియే సుమారు పదివేలమంది పోయిరి. చెట్లను పట్టుకొని బ్రతికినవారు తరువాత చెప్పిన మాటలలో తాటిచెట్టు ప్రమాణపు నీరు మరల మరల వచ్చును. ఆ మాటను సముద్రయానపు కోతలలో తాటిచెట్టునకు ప్రక్కనబెట్టి, అలవాటైన అతిశయమని కొట్టివేయు సంకలనకర్త యుండవచ్చును. అట్టివాడు ముందుగ ఒక ప్రశ్న వేయవలెను. చెప్పువాడు ఆ తాటిచెట్టును చూచి కొలిచెనా, ఎక్కి కొలిచెనా? నీరు ఎన్నవ మట్ట దగ్గర నిలిచెను, ఎంతసేపటికి తీసెను, క్రిందికి దిగినపుడు ఏమి కనబడెను? చూచివచ్చినవాడు ఇట్టి ప్రశ్నలకు తడబడును, సవరించుకొనును, తెలియదనును. వేడుకకథకుడు తెలియదనుట నే నెన్నడును వినలేదు.

పారువేట గ్రామములలో కథలను సేకరింపదలచు మన శాఖాపరిశోధకులు చెప్పువాని మాటలనేగాక, నడుమ వినువారు వేసిన ప్రశ్నలను, నవ్వులను, ఊకొట్టు మానినచోటును గూడ వ్రాసికొనవలెను. నావిధముగ వ్రాసిన ప్రతి యింతవరకు నాకు దొరకలేదు.